ఆ మెట్టు మాది

మాంచెస్టరు
1963 నవంబరు 10

ప్రభువునందు ప్రియమైన అక్క ఎలిశబెతమ్మకు తమ్ముడు కృపాదానం వందనాలు.

నా చేతిరాత సంగతి నీకు తెలుసు. ఒకచోట పెట్టాల్సిన ఒత్తు ఇంకోచోట పెడతాను. దీర్ఘాలు మర్చిపోతాను. ఇక్కడి చలికి వేళ్లు కూడా కొయ్యబారినాయి. తప్పులున్నచోట నువ్వే దిద్దుకుని చదువుకో. ఊరూరా తిరిగి వాక్యం చెప్పి ఎందరికో అక్షరాలు దిద్దించినదానివి. తమ్ముడికి మాత్రం రాలేదని నొచ్చుకోకు.

మేము నలుగురం క్షేమం. అమ్మాయి పుష్పకుమారికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి పడుకుంటుంది. అల్లుడు హెబ్రోను బస్సులో కండక్టరు. చీకటితో పోతాడు. పసిది రూతు నా దగ్గర ఉంటుంది. దాని కోసమే గదా నన్ను పిలిపించుకున్నారు. పాలు కలిపి పట్టడం, గుడ్డలు మార్చడం వచ్చింది. నువ్వు నవ్వుతావని తెలిసే రాస్తున్నాను.

మా వీధి పేరు ఆల్మా. ఇళ్లన్నీ ఎర్ర ఇటుకవి. మొదటి ఇంటినుంచి చివరి ఇంటిదాకా సందు లేకుండా అంటుకునే ఉంటాయి. వాకిలి లేదు, అరుగు లేదు. తలుపు తీస్తే ఒక రాతిమెట్టు, మెట్టు దిగితే వీధి. మాకు కింది గదులు రెండు. పై గదుల్లో ఇంటాయన తన పాత సామాను పెట్టి తాళం వేసుకున్నాడు. ఆయన పేరు హిగ్గిన్సు దొర. శుక్రవారం మధ్యాహ్నం వచ్చి అద్దె తీసుకుపోతాడు.

ఇక్కడివాళ్లు ప్రతిదానికీ సణుగుతారు. బొగ్గుబండి ఆలస్యమైందని, పిట్టలు పాలసీసా మూత పొడిచి మీగడ తాగిపోయినాయని, ఆరేసిన బట్టల మీద పొయ్యి మసి పడిందని. ఎండ కాస్తే రేపు కాయదేమోనని సణుగుతారు. సోమవారం అందరూ బట్టలుతుకుతారు. నేను మంగళవారం రూతు గుడ్డలు ఆరేస్తే పక్కింటావిడ మా తాడు వంక చూసి, నా వంక చూసి లోపలికి పోయింది. ఆమె మిసెస్ క్లెగ్. నేను క్లెగ్గమ్మ అనుకుంటాను. పెద్దావిడ, ఒంటరిది.

నాకూ ఒక సణుగుడు ఉంది. శుక్రవారం పొద్దున ఆడవాళ్లంతా మోకాళ్ల మీద కూర్చుని మెట్లు తోముతారు. తోమి తెల్లరాయితో అంచు వెంట రుద్దుతారు. మన అరుగులకు సున్నం అంచు తీర్చినట్టే ఉంటుంది. మా తలుపు, క్లెగ్గమ్మ తలుపు పక్కపక్కనే. రెండింటికీ ఒకటే బండ. ఆమె తోముతూ తోముతూ మా సగం మొదలయ్యేచోట ఆపేస్తుంది. అక్కడ గీత గీసినట్టుంటుంది. ఇటు సగం బొగ్గు, అటు సగం వెన్న. వీధిలో పోయేవాళ్లు ముందు బండను చూస్తారు, తర్వాత మా తలుపు చూస్తారు. పుష్పకు నిద్రే చాలదు, దానికి మెట్టెక్కడ.

మనూళ్లో వాకిట్లో నీళ్లు పడకపోతే ఆ ఇంట్లో చావు జరిగిందనుకుంటాం. రోజూ ఆ నల్లటి మెట్టు తొక్కి లోపలికి రావాలంటే నాకు గుబులుగా ఉంది.

ప్రభువు నీకు తోడుండును గాక.

తమ్ముడు
కృపాదానం


తోటపల్లి గూడూరు
1963 డిసెంబరు 1

చిరంజీవి తమ్ముడు కృపాదానానికి అక్క ఎలిశబెతు దీవించి రాయునది.

నీ జాబు అందింది. నువ్వు నోరు తెరిచి నాతో ఇన్ని మాటలు ఎన్నడూ ఆడలేదు. గుళ్లో కూడా వెనకాల చెప్పులు విడిచేచోట కూర్చుని, పాట అయిపోగానే ముందుగా లేచిపోయేవాడివి. కాగితం మీదైనా మాట్లాడుతున్నావు, సంతోషం.

నీ జాబు స్త్రీల కూటంలో చదివి వినిపించాను. పిట్టలు మీగడ తాగడానికి అందరూ నవ్వారు. నువ్వు పసిదాని గుడ్డలు మారుస్తున్నావన్నచోట ఇంకా ఎక్కువ నవ్వారు. “ఎలిశబెతక్కా, ఈసారి రాసేటప్పుడు మీ తమ్ముడికి ఒక రవికె కూడా కుట్టి పంపిచ్చు” అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఎవరో నాకు తెలుసు. క్రిస్మసుకు ఆమెకు అరిసెలు ఇవ్వను.

ఇక్కడ ముసురు పట్టి వదలడం లేదు. పడవలు వేటకు పోక నెత్తళ్లు కంటికి కనబడడం లేదు. మన కాలవ నిండుగా పారుతున్నది. నారుమళ్లు మునిగినాయి గాని బతుకుతాయంటున్నారు.

మెట్టు సంగతి నీకెందుకు అబ్బయ్యా. అది ఆడవాళ్ల పని. పుష్పకు తీరినప్పుడు అదే చూసుకుంటుంది. మరదలు సంతోషమ్మ పోయినాక కూడా ఇక్కడ మీ వాకిలి ఒక్కనాడూ ఎండలేదు. అంతా పొరుగింటి కామాక్షమ్మ చలవ. పాపం ఏ జామున లేచి చల్లిపోయేదో, ఎవరి కంటా పడేది కాదు. అట్లాంటి పొరుగు అక్కడ దొరకదు. దొరకనప్పుడు కళ్లు మూసుకుని లోపలికి పోవాలి. పరాయి దేశంలో తల వంచుకుని ఉండు. ఆ పని నీకు కొత్త కాదు.

పసిదాన్ని ముద్దాడినానని చెప్పు.

అక్క
ఎలిశబెతు


మాంచెస్టరు
1964 జనవరి 5

ప్రియమైన అక్కకు కృపాదానం వందనాలు.

క్రిస్మసు జరిగింది. గుళ్లో పాటలు మన రాగాలే, మాటలు వేరు. నేను తెలుగులో పాడాను, మెల్లగా.

చలి సంగతి ఏం చెప్పను. రూతు గుడ్డలు పెరట్లో ఆరేస్తే అప్పడాల్లాగా బిగుసుకుపోయినాయి. మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. అందులో గొట్టం గడ్డకట్టకుండా రాత్రి చిన్న దీపం పెడతారు. దీపం ఆరితే వీధి వీధంతా సణుగుడే.

పాతగుడ్డలు తీసుకునే బండివాడు వస్తాడు. గుడ్డలు ఇస్తే తెల్లరాయి ఇస్తాడు, మెట్లకు రుద్దేది. నేను హెబ్రోను పాత ప్యాంటు ఇచ్చి ఒక రాయి తీసుకున్నాను. అది పాతది కాదని తర్వాత తెలిసింది. అల్లుడు బండి దూరం పోయిందాకా వీధి మలుపు వంక చూస్తూ నిలబడ్డాడు.

నీళ్లతో ఒక చిన్న గొడవ అయింది. సర్దుకుంది.

ఇంకేమీ విశేషాలు లేవు.

తమ్ముడు
కృపాదానం


తోటపల్లి గూడూరు
1964 ఫిబ్రవరి 2

తమ్ముడు కృపాదానానికి అక్క రాయునది.

చిన్న గొడవ అయింది, సర్దుకుంది అని రాసి ఊరుకున్నావు. నేను ఊరుకోలేదు.

పుష్ప పనిచేసే ఆసుపత్రిలోనే పనిచేసే నర్సు ఇందిరమ్మ, మనుబోలు అమ్మాయి, తల్లికి బాగాలేదని వచ్చింది. పుష్ప పంపిన బిస్కెట్ల డబ్బా ఇచ్చిపోవడానికి నా దగ్గరికి వచ్చింది.

“ఏం ఇందిరమ్మా, మా తమ్ముడు ఎట్లుండాడు” అన్నాను.

“బాగనే ఉండాడు పెద్దమ్మా” అని నేల చూసింది.

“నేలలో ఏముందమ్మా. నా మొహం చూసి చెప్పు.”

అప్పుడు చెప్పింది. నువ్వు తెల్లారకముందే బకెట్టు తీసుకుని వీధిలోకి పోయినావంట. మన వాకిట్లో కళ్లాపి చల్లినట్టు చెంబుతో మెట్టు మీద, వీధి మీద నీళ్లు చల్లినావంట. ఆ నీళ్లు గడ్డకట్టి అద్దం అయినాయంట. పాలవాడు జారి సీసాలు పగలగొట్టుకున్నాడంట. చప్పుడు విని బయటికొచ్చిన నీ క్లెగ్గమ్మ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నదంట. ఆమె మీ ఇంటాయనకు ఫిర్యాదు చేసిందంట. ఇంకొకసారి ఆ ముసలాయన బకెట్టుతో గుమ్మం బయట కనిపిస్తే గదులు ఖాళీ చెయ్యమని హిగ్గిన్సు దొర చెప్పిపోయినాడంట. వీధిలో పిల్లకాయలు నిన్ను బకెట్టు తాత అంటున్నారంట. ఇది నీ లెక్కలో చిన్న గొడవ.

ఇందిరమ్మ ఇంకొక మాట చెప్పింది. ఆ రెండు గదుల కోసం పుష్పా, హెబ్రోనూ ఎన్ని వీధులు తిరిగినారో ఆమెకు తెలుసంట. కిటికీల్లో అట్టలు పెట్టి ఉంటాయంట, నల్లవాళ్లకు ఇవ్వం అని. కడుపుతో ఉన్న పిల్ల ఒక్కొక్క అట్టా చదువుకుంటూ తిరిగిందంట. అట్లా దొరికిన నీడ అది.

నాకు ఇంకొక బాధ ఉంది. మన నాయన సంగతి మర్చిపోయినావా. కాలవల దొర బంగళాలో బతుకంతా పనిచేసినాడు. తెల్లారేసరికి ముందరి మెట్లు కడిగి మెరిపించి, దొడ్డిదారిన లోపలికి పోయేవాడు. ఆ మెట్లు ఒక్కసారి కూడా ఎక్కి ఎరగడు. నాయన మోకాళ్ల మీద కాయలు నేను చూసినాను. నిన్ను బడికి పంపింది ఆ పని నీకు రాకూడదని. ఇప్పుడు నువ్వు సముద్రం దాటిపోయి తెల్లవాళ్ల వీధిలో మెట్టు కడగడానికి పోయినావు.

వచ్చెయ్యి. అల్లుడితో చెప్పి ఓడ ఎక్కు. పసిదాన్ని చూసుకోవడానికి వాళ్లే ఏదో దారి చూసుకుంటారు. నువ్వుంటే వాళ్ల నీడ పోతుంది.

అక్క
ఎలిశబెతు


మాంచెస్టరు
1964 ఫిబ్రవరి 16

అక్కకు కృపాదానం వందనాలు.

ఇందిరమ్మ చెప్పిందంతా నిజం. ఆమెకు తెలియనిది నేను రాస్తాను.

మనూళ్లో మా వాకిట్లో నీళ్లు చల్లింది కామాక్షమ్మ కాదు. నేను. సంతోషమ్మ పోయిన మర్నాటినుంచి నేనే చల్లాను. మగవాడు వాకిలి చిమ్మితే ఊరు ఏమంటుందో నాకు తెలుసు, అందుకని చీకట్లో చల్లి లోపలికి పోయేవాణ్ణి. ఇక్కడా అదే చేశాను. ఎవరూ చూడకూడదని చీకట్లో చల్లి తలుపు వేసుకున్నాను. వెలుగులో చేసి ఉంటే గడ్డకట్టడం కళ్లతో చూసేవాణ్ణి, ఇంత బూడిదైనా పోసేవాణ్ణి. చూడలేదు. సీసాలు పగిలిన చప్పుడు విన్నాను. క్లెగ్గమ్మ అరుపు విన్నాను. పసిదాన్ని ఎత్తుకుని తలుపు వెనక కూర్చున్నాను. తలుపు తియ్యలేదు.

హిగ్గిన్సు దొర వచ్చి పోయినాక పుష్ప బకెట్టు తీసి మంచం కింద పెట్టింది.

“నాయనా, నీకు దండం పెడతా. ఇంక గుమ్మం దాటి ఏమీ చెయ్యొద్దు” అంది.

సరే అన్నాను. చాలా శుక్రవారాలు లోపలే ఉన్నాను. మా సగం నల్లగా ఉంది. చెయ్యి కట్టులో ఉండి క్లెగ్గమ్మ సగమూ నల్లబడింది. ఎదురింటి ఆడవాళ్లు ఇప్పుడు ఆమె మెట్టు చూసి కూడా ఏదో అనుకోవడం కిటికీలోంచి చూశాను. ఆమెకూ కనబడుతుంది గదా.

కట్టు విప్పిన తర్వాతి శుక్రవారం ఆమె బకెట్టుతో బయటికి వచ్చింది. ఒక చేత్తో తోమింది. తోమగలిగింది. తోమినాక తడిగుడ్డ పిండి తుడవాలి, లేకపోతే మళ్లీ గడ్డకడుతుంది. పిండటానికి రెండు చేతులు కావాలి. ఆమె గుడ్డను మోకాలికీ మంచి చేతికీ మధ్య పెట్టి నొక్కింది. నీళ్లు ఆమె ఒళ్లోకే కారినాయి. మళ్లీ ముంచింది, మళ్లీ నొక్కింది.

నేను తలుపు తీశాను. చెయ్యి చాపాను. ఆమె నా చెయ్యి చూసింది, ఇవ్వలేదు. నేను చెయ్యి తియ్యలేదు. చలికి వేళ్లు ఎర్రబడిందాకా అట్లనే నిలబడ్డాను. చివరికి గుడ్డ నా చేతిలో పడేసింది. పిండి ఇచ్చాను. తుడుచుకుంది. మళ్లీ ఇచ్చింది. పిండాను. ఏదో అంది. ఆ మాట గుర్తు పెట్టుకుని రాత్రి హెబ్రోనును అడిగాను. గట్టిగా పిండలేదని తిట్టిందంట.

ఆమె మెట్టు నేను తోమలేదు అక్కా. ఆమె తోమమనలేదు, నేను అడగలేదు. ఆమెది ఆమె తోముకుంది. గుడ్డ పిండటం వరకే నాది. ఆ చెయ్యి నా వల్ల విరిగింది గనుక.

తర్వాతి శుక్రవారం కూడా పిండాను. అప్పుడు ఆమె మా సగం వంక గడ్డంతో చూపించింది. మరి దీని సంగతేంది అన్నట్టు. తన బకెట్టు కాలితో ఇటు నెట్టింది. పైజామా మోకాళ్ల పైకి మడిచి కూర్చుని తోమాను. పట్టపగలు. వీధంతా చూసింది. మూల మీద సారా కొట్టు తెరవడానికి కాచుకున్న మొగవాళ్లు ఈల వేశారు. నా చెవులు కాలిపోయినాయి. ఆపలేదు. తెల్లరాయితో అంచు తీర్చి లేచాను.

నాయన సంగతి రాశావు. నేను మర్చిపోలేదు. నాయన తాను ఎక్కకూడని మెట్లు కడిగాడు. నేను కడిగేది నా మనవరాలిని ఎత్తుకుని లోపలికి వచ్చే మెట్టు. రెండూ ఒకటే అంటే నేను ఒప్పుకోను. నీతో నేను ఎదురు మాట్లాడటం ఇదే మొదలు. ఏమనుకున్నా సరే.

పుష్ప ఆ వేళకు నిద్రలో ఉంటుంది. దానికి ఇంకా చెప్పలేదు. ఇంతవరకు హిగ్గిన్సు దొర వచ్చేసరికి మెట్టు ఆరిపోయి ఉంది. ఎప్పుడో ఒకనాడు ముందే వస్తాడు. రానీ.

నేను ఓడ ఎక్కను.

తమ్ముడు
కృపాదానం


తోటపల్లి గూడూరు
1964 మార్చి 8

తమ్ముడు కృపాదానానికి అక్క ఎలిశబెతు దీవించి రాయునది.

నీ జాబు చదివితే కోపం వచ్చింది. నువ్వు నాకు ఎదురు చెప్పినందుకు వచ్చిందో, చెప్పిన మాటకు నా దగ్గర జవాబు లేనందుకు వచ్చిందో తెలియలేదు.

కామాక్షమ్మ దగ్గరికి పోయినాను. “ఏమమ్మా, మా తమ్ముడి వాకిట్లో నీళ్లు చల్లింది నువ్వు కాదంట గదా” అన్నాను.

“నేను చల్లినానని ఏనాడన్నా చెప్పినానా పెద్దమ్మా. నువ్వు మెచ్చుకుంటా ఉంటే వద్దనేదెందుకులే అని ఊరుకున్నా” అంది.

“ఆయన చల్లడం నీకు తెలుసునా.”

“చెంబు చప్పుడు వినపడదా ఏంది. చూసినామంటే మానేస్తాడని మేము పండుకునే ఉంటిమి.”

నాకు ఒక్కదానికే తెలియలేదు. సొంత అక్కను.

ఆదివారం గుడి అయిపోయినాక చిన్నపోలయ్య నన్ను అందరి ముందూ ఆపినాడు. ఇందిరమ్మ మాటలు అతని దాకా పోయినాయి. “ఏం ఎలిశబెతమ్మా, మీ తమ్ముడు సీమలో దొరసానుల మెట్లు తోముతుండాడంట గదా. దానికేనా అంత దూరం పొయ్యింది” అన్నాడు. నెల కింద అయితే నేను తలొంచుకుని వచ్చేసేదాన్ని.

“దొరసానిది కాదు పోలయ్యా, సొంతది. నీ పెండ్లాం జొరంతో పండుకున్న నాళ్లు మీ వాకిట్లో కాలు పెడితే దుమ్ము లేస్తా ఉండె. నువ్వు చీపురు ముట్టినావా” అన్నాను.

“మొగోణ్ణి నేనెందుకు ముడతా” అన్నాడు.

“అందుకే నీ సంగతి ఎవురూ చెప్పుకోరు” అని వచ్చేశాను. ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయినారు. స్త్రీల కూటంలో ఇక నిన్ను గురించి రవికె మాట ఎత్తేవాళ్లు లేరు.

అయినా నా భయం పోలేదు, అది కూడా రాస్తాను. నీ పంతం నీది. కాని ఆ గదులు నీవి కావు. అవి పోతే చంకలో బిడ్డను పెట్టుకుని ఆ అట్టలు చదువుకుంటూ తిరగాల్సింది పుష్ప. దానికి తెలియకుండా దాని నీడతో నువ్వు పందెం కాయకూడదు. చీకట్లో చేసే పని మానుకున్నానంటివి. కూతురు నిద్రపోయినప్పుడు చెయ్యడం మాత్రం చీకట్లో చెయ్యడం కాదా. దానికి చెప్పు. చెప్పి చెయ్యి, లేదంటే మానుకో. అక్కగా ఇది ఒక్కటే అడుగుతున్నాను.

అక్క
ఎలిశబెతు


మాంచెస్టరు
1964 ఏప్రిల్ 5

ప్రియమైన అక్కకు కృపాదానం వందనాలు.

నువ్వు రాసింది సబబు. జాబు చదివిన పొద్దుననే, డ్యూటీ నుంచి వచ్చిన పుష్పను కూర్చోబెట్టి అంతా చెప్పాను.

అది చాలాసేపు కోటు విప్పలేదు. “నాయనా, నువ్వు పుట్టినప్పటినుంచి ఎవురికీ ఎదురు చెప్పలేదే. ఇప్పుడు వచ్చి నాకా చెప్పేది” అంది.

“నీకు కాదమ్మా” అన్నాను.

“గదులు పోతే?”

“పోతే ఈసారి తలుపులు నేను కొడతా. నువ్వు ఆ అట్టలు చదవబళ్లేదు. నాకు ఇంగిలీసు చదవడం రాదు గనక నాకేం బాధ లేదు.”

దానికి నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో మొహం అటు తిప్పుకుంది. “ఇంట్లోకి వచ్చిందాకా తలెత్తకుండా ఉంటే చాలనుకున్నా నాయనా ఇన్నాళ్లూ” అంది.  మంచం కిందనుంచి బకెట్టు లాగి తలుపు దగ్గర పెట్టి పడుకుంది.

ఆ శుక్రవారమే హిగ్గిన్సు దొర ముందుగా వచ్చాడు. ఈస్టరు ముందటి శుభ శుక్రవారం అది. ఆ రోజు ఆయనకు పని లేదేమో, పొద్దుననే బయలుదేరాడు. వీధి ఆడవాళ్లు పండగని మరీ గట్టిగా తోముతున్నారు. నేను మా సగం తోమి, తుడిచి, అంచు తీరుస్తున్నాను. ఎండ కూడా కొంచెం ఉంది. ఎదురుగా నల్లబూట్లు రెండు వచ్చి ఆగినాయి.

తలెత్తాను. ఆయన ఏదో అన్నాడు. నా బకెట్టు చూపించాడు. గొంతు పెంచి మళ్లీ అన్నాడు. నాకు అర్థం కాలేదనుకోకు, అంతా అర్థమైంది. మాటలే తెలియలేదు. నేను లేవలేదు. మిగిలిన అంచు కొంచెం ఉంటే అది పూర్తి చేశాను. అప్పుడు లేచి పక్కకు నిలబడ్డాను. మెట్టు ఇంకా తడిగా ఉంది.

ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. కడిగిన మెట్టు ఆరిందాకా దాని మీద ఎవరూ కాలు పెట్టరు. తపాలా మనిషి కూడా వంగి చెయ్యి చాపి జాబు ఇచ్చి పోతాడు. ఇంట్లోవాళ్లు కూడా అంగ వేసి దాటుతారు. పిల్లకాయలు పరిగెత్తి వస్తుంటే ఆడవాళ్లు అరిచే మాట ఒకటి ఉంది, వెట్ అని. తడి అని అర్థం. ఆ మాట నాకు బాగా వచ్చు.

హిగ్గిన్సు దొర పుష్పను లేపి మాట్లాడటానికి లోపలికి పోబోయాడు. బూటు ఎత్తాడు.

నేను చెయ్యి అడ్డం పెట్టి “వెట్” అన్నాను. గట్టిగా అన్నాను అక్కా. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఆయన మొహం ఎర్రబడింది. ఎత్తిన బూటు ఎత్తినట్టే ఉంది. అప్పుడు క్లెగ్గమ్మ తన సగం మీదనుంచి మోకాళ్ల మీదే ఇటు తిరిగింది. పుష్ప అప్పటికే లేచి తలుపు వెనక నిలబడి ఉంది. వాళ్ల మాటలు తర్వాత పుష్ప చెబితే మన మాటల్లో రాస్తున్నాను.

“హిగ్గిన్సూ, కళ్లు యాడ పెట్టుకుని వస్తుండావు. ఆయన చెప్పింది వినపడలేదా. తడిగా ఉండాది.”

“చెయ్యి విరిగిందని నా దగ్గర మొత్తుకున్నది నువ్వే గదా.”

“నేనే. మళ్లా విరిగితే మళ్లా మొత్తుకుంటా. ముందు కాలు తియ్యి.”

“ఇది నా ఇల్లు.”

“ఇల్లు నీది. మెట్టు తోమినవాళ్లది. ఈ వీధిలో అంతే. నువ్వు తొక్కితే నువ్వే మోకాళ్ల మీద కూర్చుని తోమాల, మేము చూస్తుంటాం.”

ఎదురింటామె, ఆమె పక్కామె, ఇంకా అవతలామె, అందరూ గుడ్డలు చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డారు. ఆయన బూటు వంకే చూస్తున్నారు. సారా కొట్టు దగ్గరి మొగవాళ్లు కూడా చూస్తున్నారు. ఈసారి ఈలలు లేవు.

ఆయన కాలు వెనక్కి తీసి వీధిలో పెట్టుకున్నాడు. పుష్ప తలుపులోంచి ముందుకు వంగి అద్దె ఇచ్చింది. ఆయన వీధిలో నిలబడి చెయ్యి బాగా చాపి తీసుకున్నాడు. వచ్చే వారం మాట్లాడతాను అన్నాడు.

వచ్చే వారం వచ్చాడు. నేను తోముతున్నాను. వీధిలోనే నిలబడి అద్దె తీసుకున్నాడు. మాట్లాడలేదు. వాన పడేట్టుంది అని మాత్రం అన్నాడంట.

క్లెగ్గమ్మతో స్నేహం కుదిరిందనుకోకు. ఆమె చెయ్యి ఇంకా పూర్తిగా కుదరలేదు, గుడ్డ నేనే పిండుతున్నాను. ఇప్పుడు మరీ గట్టిగా పిండి గుడ్డ చింపుతున్నానంటున్నది. నా అంచు వంకరంట. నిన్న వేలితో చూపించి మరీ అంది. మా దేశంలో దీన్నే తిన్నన అంటారని నేను తెలుగులో చెప్పాను. ఏం అర్థమైందో, పోయి తన బొగ్గు బూడిద ఒక తట్టెడు తెచ్చి మా గుమ్మం పక్కన పెట్టింది, మళ్లీ మంచు పడితే చల్లమని.

హిగ్గిన్సు దొర ఖాళీ చెయ్యమని ఎప్పుడైనా అనవచ్చు. అంటాడేమో. అన్ననాడు ఏం చెయ్యాలో పుష్పా నేనూ మాట్లాడుకున్నాం. ఆనాటిదాకా శుక్రవారం పొద్దున వెలుగు వచ్చినాక నేను బయట ఉంటాను. చిన్నపోలయ్యకు ఈ జాబు చదివి వినిపించు. అంతా వినిపించు, ఏమీ దాచొద్దు.

నా మీద కోపం ఉంటే కోపంగానే రాయి. మాట్లాడకుండా మాత్రం ఉండొద్దు, అది నా అలవాటు, నీకు నప్పదు. జవాబు త్వరగా పంపు, ఎదురుచూస్తుంటాను.

తమ్ముడు
కృపాదానం